రాతికుక్క రెండో చావు

కమ్యూనిస్టు పార్టీకి నూరేళ్ళు నిండిన ఏడాది ఎండాకాలంలో మా అత్త తమ్ముడు రెండోసారి చచ్చిపోయాడు. మొదటిసారి ఆకలికి పోయాడు. అది నేను పుట్టకముందు సంగతి. రెండోసారి మాత్రం పట్టపగలు, నా కళ్ళముందే, మైకులు పెట్టి తూటా తగిలించి మరీ చంపారు. చంపినవాళ్ళే దండలు కూడా వేశారు.

ఈ పని చేసింది మేనేజర్ పాంగ్. నగరం నుంచి వచ్చాడు. అంతకుముందు ఎక్కడో ఒక కొండగుహలో రంగు దీపాలు పెట్టి, ప్లాస్టిక్ దెయ్యాలు వేలాడదీసి టిక్కెట్లు అమ్మేవాడట. దెయ్యాలకు గిరాకీ పడిపోయాక విప్లవంలోకి దిగాడు. మా కొండ ప్రాంతం నిండా విప్లవమే కాబట్టి బతుకుతెరువుకి లోటు లేదు. ఒక ఊళ్ళో ఎర్రసైన్యం దాటిన వంతెన ఉంది, ఇంకో ఊళ్ళో సేనాపతి కాళ్ళు కడుక్కున్న బావి ఉంది. ఆఫీసుల వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు బస్సుల్లో వచ్చి, అద్దెకు తెచ్చిన బూడిదరంగు దుస్తులు తొడుక్కుని, నెత్తిన ఎర్రచుక్క టోపీలు పెట్టుకుని ఆ బావి చుట్టూ తిరిగి ఫొటోలు దిగుతారు. దాన్ని భక్తి అనకూడదు, చైతన్యం అనాలి.

మా ఊళ్ళో అలాంటివి లేవు. ఎర్రసైన్యం మా ఊళ్ళో ఉన్నది ఒక్క రాత్రి. పడుకోవడానికి ఇంటింటి తలుపులూ ఊడదీసుకుని, తెల్లారగానే మళ్ళీ బిగించి వెళ్ళిపోయారు. జనం సొమ్ము ముట్టని సైన్యమని బడిలో ఇప్పటికీ పాఠం చెబుతారు. ముట్టని మాట నిజమే. కాకపోతే ఎవరి తలుపు ఎవరింటిదో చూసుకోలేదు. మా వంటింటి తలుపు ఈనాటికీ గుమ్మానికి రెండు వేళ్ళు పొట్టి. చలికాలం ఆ సందులోంచి గాలి కొడితే మా అత్త, "అదిగో విప్లవం వస్తోంది, గుడ్డ కుక్కవే హ్వేలాన్," అనేది.

హ్వేలాన్ అంటే నేను. మా ఆయన టింగ్‌ఫా రాతిపనివాడు. సమాధి రాళ్ళు, గడపలు చెక్కేవాడు. మిషన్లతో కోసిన నునుపు రాళ్ళు లారీల్లో రావడం మొదలయ్యాక ఉలికి పని లేక, పగలంతా చుట్ట కాల్చుకుంటూ ఫోన్లో వీడియోలు చూసేవాడు. మా అత్త మన్యింగ్‌కి అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. చెవులు బ్రహ్మాండంగా వినిపించేవి, అవసరం లేనప్పుడు వినిపించేవి కావు.

పెద్దల సమాధులు ఊడ్చే పండగ రోజు మొదలైంది ఇదంతా. మా అత్త ఆ రోజు వంశంలోని పెద్దల దగ్గరికి వెళ్ళకపోయినా వెళ్ళకపోవచ్చు గానీ, నూనెగింజల తోట పైన ఉన్న ఒక చిన్న రాళ్ళ కుప్ప దగ్గరికి మాత్రం తప్పకుండా వెళుతుంది. మావైపు పసిపిల్లలు పోతే సమాధి కట్టరు, పేరు రాయరు. ఆ కుప్ప ఆవిడే పేర్చుకుంది. ఏటా పెద్ద గిన్నెడు తెల్లన్నం గట్టిగా అదిమి తీసుకెళ్ళి, అక్కడ గొయ్యి తవ్వి పాతిపెట్టి వస్తుంది. పైన పెడితే కాకులు తింటాయని ఆవిడ భయం. అన్నం వాడికే అందాలి, ఇంకెవరికీ అందకూడదు.

ఆ ఏడు గునపం పట్టుకుని నేనూ వెళ్ళాను. మా వెనకాలే ఊరి పార్టీ సెక్రటరీ దెషుయ్ మేనేజర్ని వెంటబెట్టుకుని కొండెక్కాడు. దెషుయ్ మా ఆయనకు పెదనాన్న కొడుకు, నాకు మరిది. ఊరికి ఒక "కథ" దొరుకుతుందేమోనని వారం రోజులుగా ఆ మేనేజర్ని గుట్టలన్నీ తిప్పుతున్నాడు.

"ఎవరిదవ్వా ఈ సమాధి?" అన్నాడు పాంగ్, చెమట తుడుచుకుంటూ.

"మా తమ్ముడిది."

"ఎన్నేళ్ళవాడు?"

"ఏడు."

"అయ్యో! ఎలా పోయాడు?"

మా అత్త వినపడనట్టు మట్టి కప్పుకుంటోంది. దెషుయ్ గబుక్కున అందుకున్నాడు. "కష్టకాలంలో పోయాడు లెండి."

"ఏ కష్టకాలం?"

"అదేనండీ... పాతకాలం."

పాంగ్ ఆ రాళ్ళ కుప్పని, కింద లోయని, ఎదురుగా ఉన్న కొండని కాసేపు చూశాడు. "పేరేమిటి?"

"రాతికుక్క," అంది అత్త. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, చెడుచూపు పడకుండా కుక్క అనీ, గట్టిగా నిలవాలని రాయి అనీ పెట్టుకున్న పేరు.

"రాతికుక్క!" పాంగ్ చప్పట్లు కొట్టాడు. "ఏం పేరవ్వా! అచ్చం గూఢచారి పేరు!"

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. పాంగ్ చేతిలో పడ్డాక అవి చాటెడయ్యాయి. పది రోజులు తిరక్కుండానే రాతికుక్క ఎర్రసైన్యానికి కబుర్లు మోసిన బాలవీరుడైపోయాడు. ఒకే ఒక్క చిక్కు వచ్చింది. ఎర్రసైన్యం వెళ్ళిపోయిన పదేళ్ళకి గానీ మా అత్త పుట్టలేదు, ఆవిడ తమ్ముడు ఇంకా వెనక. దానికీ పాంగ్ దగ్గర మందుంది. తమ్ముణ్ణి తీసుకెళ్ళి చిన్నాన్నని చేసేశాడు. అక్కకంటే ముందు పుట్టిన తమ్ముణ్ణి నేను అదే మొదటిసారి చూడటం.

పాంగ్ రాసుకొచ్చిన కథని మా ఆయన భోజనాల దగ్గర పైకి చదివాడు. ఎర్రసైన్యాన్ని తరిమే తెల్లసైన్యం రాతికుక్కని పట్టుకుందట. వాడు చేతిలో ఉన్న ఉత్తరం నమిలి మింగేశాడట. జమీందారు అన్నం ఆపేసి మాడ్చినా నోరు విప్పలేదట. చివరికి కాల్చేస్తుంటే "విప్లవం వర్ధిల్లాలి" అని అరిచాడట. ఇదంతా వచ్చినవాళ్ళ ముందు అత్తే చెప్పాలట.

"ఏడేళ్ళ పిల్లాడు చచ్చేముందు అమ్మా అంటాడు గానీ వర్ధిల్లాలి అంటాడా?" అన్నాను.

"నీకేం తెలుసే? ఆ రోజుల్లో పిల్లలు వేరు."

"మరి ఈ రోజుల్లో పెద్దలకేమైందయ్యా? సొంత మేనమామని కాల్పించుకుంటున్నావ్."

టింగ్‌ఫా గిన్నె కింద పెట్టాడు. "స్మారకానికి కాపలాదారు కావాలంటున్నారు. టోపీ, యూనిఫారం ఇస్తారు. రాయి కూడా నన్నే చెక్కమన్నారు. ఎన్నాళ్ళయింది నేను రాయి ముట్టుకుని? నలుగురూ బాగుపడుతుంటే నువ్వొక్కదానివి అడ్డం పడకు."

మా ఆయన్ని మాత్రం ఏమనగలను? నిజానికి మేనమామ ఎలా పోయాడో ఆయనకి సరిగ్గా తెలియదు. ఊళ్ళన్నీ ఆకలికి మాడిన ఆ మూడేళ్ళ సంగతి మా ఇళ్ళల్లో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ప్రభుత్వం వారు దాన్ని ప్రకృతి వైపరీత్యం అన్నారు, అంతే. మా పెద్దవాళ్ళు మాత్రం ఆ ఏడు వానలు బాగానే పడ్డాయంటారు, అదీ గొంతు తగ్గించి. నాకు తెలిసింది నా మొదటి కాన్పులో. కోడిపులుసు తినలేక గిన్నె తోసేస్తే, మా అత్త ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒక్కసారి చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు. చెప్పాక ఆ పులుసు నేను చుక్క వదలకుండా తాగాను.

అత్త ఆ కాగితం తీసుకుని వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంది. ఆవిడ బడికి వెళ్ళలేదు. ఊరంతా ఒకేచోట తినాల్సిన కమ్యూను భోజనశాల గోడల మీద నినాదాలు చూసి అక్షరాలు నేర్చుకుంది. "కడుపారా తిను, ఒళ్ళొంచి పని చెయ్యి" అని నిలువెత్తు అక్షరాలతో రాశారట. తినడానికేమీ లేని రోజుల్లో దాన్ని చదువుకుంటూ నిలబడేదట.

చదవడం అయ్యాక తలెత్తి, "సమాధి కదుపుతారా?" అని అడిగింది.

మేనేజర్ ఆలోచన అదే. పొట్టలేసుకుని బస్సు దిగే పెద్దమనుషులు కొండెక్కలేరు కాబట్టి, ఎముకలు తవ్వి కిందికి తెచ్చి కార్లు ఆపేచోట పెడితే బాగుంటుందన్నాడు.

"కదపనంటే చెబుతాను," అంది అత్త.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లో అంట్లు తోముతూ ఆవిడ మీద పడ్డాను. "ఎందుకొప్పుకున్నావత్తమ్మా? వాడికని ఈ లోకంలో ఏం మిగిలింది? ఒక చొక్కా ఉందా, ఒక బొమ్మ ఉందా? వాడిదంటూ ఉన్నది ఆ చావొక్కటే. అది కూడా వీళ్ళకి ధారపోస్తావా?"

"మరి ఎముకలు పట్టుకెళ్ళి కార్ల మధ్యన పెడతారటే," అంది ఆవిడ. "ఉన్నచోట ఉండనీ పిల్లాణ్ణి."

మా ఆయన రాయి చెక్కాడు. అబద్ధానికైనా ఉలి ఉలే కదా, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. బాలవీరుడు, అమరుడు, సంవత్సరం, సుత్తీ కొడవలీ గుర్తు. దాన్ని పైకి మోయించి రాళ్ళ కుప్ప మీద పడుకోబెట్టారు. కింద కార్లు ఆపేచోట రాతికుక్కది ఫైబరు బొమ్మ నిలబెట్టారు. బుగ్గలు రెండూ బూరెల్లా ఉన్నాయి. మట్టి తిని పోయిన పిల్లాడికి అంత ఒళ్ళు ఎక్కడిదని మా అత్త చాలాసేపు దాని ముందు నిలబడి చూసింది.

నన్ను వంటకి పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళకి "చేదు భోజనం" పెట్టాలి. పాతకాలపు పేదల తిండి తిని కష్టాలు గుర్తు చేసుకోవడం మా దేశంలో ఒక ఆచారం. నా చిన్నప్పుడు బళ్ళో ఏడాదికోసారి పెట్టేవాళ్ళు. తవుడు రొట్టె, ఆకుల గంజి. ఇంట్లో తినేది కూడా ఇంచుమించు అదే కాబట్టి పిల్లలం మారు వడ్డించమనేవాళ్ళం, తన్నులు తినేవాళ్ళం.

మొదటి రోజు నేను వండింది పాంగ్ నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. "చేదుగా ఉండాలి హ్వేలాన్ గారూ, కానీ తినగలిగే చేదు ఉండాలి."

"తినలేకే కదండీ దాన్ని కష్టం అన్నారు."

"కస్టమర్లు ఫిర్యాదు చేస్తారమ్మా. కాస్త పంది కొవ్వు తగిలించు."

తగిలించాను. తవుళ్ళో కొవ్వు, నువ్వులు, గుడ్డు. ఆకుల గంజిలో ఎముకల రసం. జనం లొట్టలేసుకుంటూ తిన్నారు. ఒక బ్యాంకు మేనేజరమ్మ వంటింట్లోకి వచ్చి, ఈ దుర్భర దారిద్ర్యం ఎలా వండాలో చెప్పమంది, ఇంట్లో పిల్లలకి పెడుతుందట. ఆవిడ భర్త గడ్డి చెప్పులు కరుస్తున్నాయని, లోపల మెత్తటి మేజోళ్ళు తొడుక్కుని విప్లవం నడిచాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! ఇన్ని కోట్లమంది రక్తం, ఇన్ని కోట్లమంది ఆకలి ఓడ్చి ఓడ్చి చివరికి మిగిల్చిన సారం ఇది. అద్దె టోపీ, నువ్వుల రొట్టె, ఒక సెల్ఫీ.

పార్టీ నూరేళ్ళ ఉత్సవానికి ముందురోజు జిల్లా నుంచి పెద్ద బృందం వస్తోందన్నారు. దెషుయ్ ఆ పొద్దున్నే మా ఇంటికొచ్చి అత్త పక్కన చతికిలబడ్డాడు.

"పిన్నీ, అంతా కంఠతా వచ్చిందిగా?"

"ఆఁ."

"కాలం మాత్రం తప్పకు తల్లీ. వెనకటికి మా నాన్న సెక్రటరీగా ఉన్నప్పుడు ఇలాగే కష్టాలు చెప్పమని హ్వో తాతని వేదికెక్కించారు. ఆయన జమీందారు దగ్గర మొదలెట్టి, మాటల్లో పడి, భోజనశాల రోజుల్లోకి జారిపోయాడు. చెవి పట్టుకుని కిందికి లాగాల్సొచ్చింది."

"తెలుసు," అంది అత్త. "నేనక్కడే ఉన్నాగా. పాపం ఆ తాతకి జమీందారు దగ్గర ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే చోటుకి తనే వెళ్ళాడు."

దెషుయ్ పొట్టి తలుపుకేసి చూస్తూ లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి బస్సులొచ్చాయి. ఎండ పేలిపోతోంది. బూడిదరంగు బట్టలు చంకల కింద తడిసి ఉన్నాయి. బృందానికి పెద్దాయనకి మాత్రం కొలిచి కుట్టించిన దుస్తులు. పిడికిలెత్తి ప్రమాణం చేశారు, పాట పాడారు, చేదు భోజనం గిన్నెలు పట్టుకుని పీటల మీద కూర్చున్నారు. మా ఆయన కొత్త టోపీతో వేదిక పక్కన కర్రలా నిలబడ్డాడు. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను.

మా అత్త కథ మొదలుపెట్టింది. రాసిచ్చింది రాసిచ్చినట్టు అప్పజెప్పింది. చిన్నాన్న, తెల్లసైన్యం, ఉత్తరం, జమీందారు, తూటా. వంద ఫోన్లు పైకి లేచాయి. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఏమీ దొరక్క మట్టి తిన్న పిల్లాడి నోట్లో ఉత్తరం కుక్కి, పిల్లాడి అక్క నోటితోనే చెప్పిస్తుంటే, గరిటె పక్కన పడేశాను. ఆవిడ మీద కోపమే వచ్చింది నాకు, ఎందుకు దాచుకోవాలి.

అయిపోయింది. చప్పట్లు. పాంగ్ ముందే అనుకున్న ప్రకారం ఒక గిన్నె తెచ్చి అత్త చేతికిచ్చాడు. "అవ్వ కూడా మనతో కలిసి చేదు భోజనం రుచి చూస్తుంది!"

అత్త రొట్టె కొరికింది. నమిలింది. మైకు ఇంకా ఆవిడ నోటి ముందే ఉంది.

"ఇందులో కొవ్వుందే," అంది.

అందరూ నవ్వారు. పెద్దాయన ముచ్చటగా ముందుకు వంగాడు. "అప్పట్లో కొవ్వు ఉండేది కాదా అవ్వా?"

"కొవ్వా! తవుడే ఉండేది కాదు నాయనా. తెల్లమట్టి తిన్నాం. అది లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. మావాడు ఏడుస్తుంటే బోర్లా పడుకోబెట్టి పుల్లతో తీసేదాన్ని. తీసినా లాభం లేకపోయింది."

నవ్వులు ఆగిపోయాయి. ఇది కాగితంలో లేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి, జనం వైపు తిరిగాడు. "విన్నారా కామ్రేడ్స్! ఇదీ పాత సమాజం!" మళ్ళీ అత్త వైపు తిరిగి, "పసిబిడ్డకి అన్నం ఆపిన ఆ జమీందారు పేరేమిటవ్వా? చెప్పు, అందరూ వినాలి," అన్నాడు.

మా అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది, తెలియక అడుగుతున్నాడా అన్నట్టు.

"జమీందారెక్కడున్నాడు నాయనా అప్పటికి? వాణ్ణి మీవాళ్ళే ఎప్పుడో కాల్చేశారుగా. అన్నం ఆపింది భోజనశాల. మావాడు పొలంలో పచ్చి గోధుమ కంకి ఒకటి తెంపాడని మా ఇంటికి గంజి ఆపేశారు. ఇంట్లో వండుకుందామంటే పొయ్యి ఆర్పేశారు, మూకుడు ఇనుముకని పట్టుకెళ్ళి కరిగించారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు. మా దెషుయ్ వాళ్ళ నాన్నే గరిటె పట్టేవాడు. ఆయన్ననకూడదు, పైనుంచి ఉత్తర్వు."

ఇంకో ముక్క కొరికింది.

పెద్దాయన తన గిన్నెలోకి చూసుకున్నాడు. దెషుయ్ ఎవరికీ కనిపించకుండా ఎక్కడ నిలబడాలో వెతుక్కున్నాడు. చివరికి పాంగ్ పరుగెత్తుకెళ్ళి పార్టీ పాట పెట్టాడు. పాట వినపడగానే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడి అందుకున్నారు. ఏ చిక్కులో ఉన్నా ఆ పాట వస్తే లేవడం వాళ్ళకి బాగా అలవాటు. లేవనిది మా అత్త ఒక్కతే. రొట్టె పూర్తి చేసి, వేళ్ళు నాక్కుని, నావైపు తిరిగి, "బాగుందే. నువ్వులు కూడా వేశావా?" అంది.

కావాలని అందో, హ్వో తాతలా మాటల్లో జారిందో, నేను అడగలేదు. అడిగితే వినపడనట్టే ఊరుకునేది.

సాయంత్రానికి అందరి ఫోన్లూ తీసుకుని వీడియోలు చెరిపేశారు. ఒక డాక్టరు మా ఇంటికొచ్చి, అత్తని ఈ రోజు ఏ వారమని అడిగి, ఆవిడ సరిగ్గా చెప్పినా సరే, మతి తప్పిందని తేల్చాడు. అది మాకు మేలే చేసింది. మతి ఉండి ఆ మాట అంటే ఏం చేసేవాళ్ళో! నన్ను వంటలోంచి తీసేశారు. మా ఆయన టోపీ వెనక్కి తీసుకున్నారు. ఇక అంతా మూతపడుతుందని నేను మనసులో సంబరపడ్డాను. పిచ్చిదాన్ని. వారం తిరక్కుండా నాటకాల బళ్ళో చదివిన ఒక అమ్మాయిని తెచ్చి ఏడేళ్ళకే పోయిన రాతికుక్కకి మునిమనవరాలని పరిచయం చేశారు. ఆ పిల్ల మా అత్తకంటే బాగా ఏడుస్తుంది, అదీ సరిగ్గా ఏడవాల్సిన చోట. కొత్త వంటవాడు నాకంటే ఎక్కువ కొవ్వు వేస్తున్నాడట.

మా ఆయన నాతోనూ తల్లితోనూ మాట్లాడటం మానేశాడు. ఉద్యోగం పోయిందని కోపం అనుకున్నాను. వడ్డించినది తినేవాడు, ఫోను కూడా ముట్టేవాడు కాదు. ఒకటి రెండుసార్లు తెల్లటి సుద్దమట్టి గడ్డ ఒకటి చేతిలో పట్టుకుని, గోటితో గీరుతూ కూర్చోవడం చూశాను. అదెక్కడ దొరికిందని అడిగితే జేబులో వేసుకుని లేచిపోయాడు.

మంచు మొదలయ్యే రోజుల్లో నూనెగింజల కోతకి ముగ్గురం తోటలోకి వెళ్ళాం. నేనూ అత్తా బుట్ట నింపుకునేసరికి టింగ్‌ఫా కనిపించలేదు. పైనుంచి ఉలి చప్పుడు వినిపిస్తోంది. వెళ్ళి చూస్తే తను చెక్కిన రాయినే గునపంతో మీటి బోర్లా తిరగేసి, వెనకవైపు మోకాళ్ళ మీద కూర్చుని చెక్కుతున్నాడు. రాతికుక్క అనే అక్షరాలు అప్పటికే అయిపోయాయి. ఇంటిపేరు కూడా పెట్టాడు. బాలవీరుడూ లేదు, అమరుడూ లేదు.

మా అలికిడి విని, తల ఎత్తకుండానే అడిగాడు. "ఏ ఏడమ్మా?"

యాభై ఏళ్ళు దాటిన మనిషి, తల్లిని ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"భోజనశాల పెట్టిన రెండో ఏడు," అంది అత్త. "అరవై. నాట్లు ఇంకా పడలేదు."

టింగ్‌ఫా అంకెలు చెక్కాడు. వెయ్యిన్నీ తొమ్మిదివందల అరవై. ఆ నాలుగో అంకె అవుతుండగా దెషుయ్ రొప్పుతూ వచ్చాడు. ఉలి చప్పుడు ఊళ్ళోకి వినపడుతుంది కదా, కొండకి కూడా చెవులుంటాయి.

చదివి, అక్కడే చతికిలబడ్డాడు. "అన్నా, పేరుంటే ఉండనీ. ఆ అంకెలు మాత్రం వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏం మరిదీ," అన్నాను, "అణుబాంబులున్న దేశం, నాలుగంకెలకి వణుకుతోందా?"

"నవ్వకు వదినా. రేపు పైనుంచి ఎవరైనా చూస్తే ఊరంతటికీ చుట్టుకుంటుంది. టింగ్‌ఫా జైలుకి పోతాడు. నేనూ పోతాను. పిన్నీ, నువ్వైనా చెప్పు." గొంతు తగ్గించాడు. "మా నాన్న పోయేముందు అన్నం ముట్టుకోలేదు, తెలుసా నీకు? గిన్నె చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. మాకేమీ చెప్పలేదు."

"తెలుసు," అంది అత్త.

టింగ్‌ఫా ఉలి వదల్లేదు. దవడలు బిగించి కూర్చున్నాడు. ఆయన్ని పెళ్ళాడిన ఇన్నేళ్ళలో నాకు ఆయన మీద అంత గౌరవం కలిగింది ఆ రోజే, అంత భయమూ వేసింది. అత్త కాసేపు ఆ అంకెల మీద రాతిపొడి అరచేత్తో తుడిచింది. తర్వాత వంగి, మొహం రాయికి దగ్గరగా పెట్టి, వేలు ఆనించి పెదాలు కదిపింది. నాకు సరిగ్గా వినపడలేదు.

"తిప్పెయ్యరా," అంది లేస్తూ.

"ఏంటమ్మా?"

"రాయి తిప్పి పెట్టెయ్. వాళ్ళ రాత పైకి, మన రాత కిందికి. పైన నిలబడి చదివేవాళ్ళకి ఎలాగూ అబద్ధమే కావాలి. మనవాడు కిందే ఉన్నాడుగా."

బరువైన రాయి. నలుగురం పట్టాం. దెషుయ్ అందరికంటే ముందు చెయ్యి వేశాడు.

బుట్టలెత్తుకుని దిగుతుంటే బస్సు మనుషులు ఎదురొచ్చారు. ఈ జట్టు కుర్రాళ్ళు, కొండెక్కగలిగినవాళ్ళు. ఏడ్చే అమ్మాయి మైకు పట్టుకుని ముందు నడుస్తోంది. మేం పక్కకి తప్పుకున్నాం. వాళ్ళు రాయి చుట్టూ నిలబడి, టోపీలు సర్దుకుని, పిడికిళ్ళెత్తి, అమరుడి బాటలో నడుస్తామని గట్టిగా ప్రమాణం చేశారు. ఏడేళ్ళ పిల్లాడు పచ్చి కంకి తెంపి, మట్టి తిని, పుల్ల గుచ్చుకుని ఏడ్చి ఏడ్చి పోయిన బాట అది. నడవండి నాయనా, నడవండి.

"అత్తమ్మా," అన్నాను మెల్లగా, "కింద రాసి ఏం లాభం? వాడికి చదువు రాదు కదా."

మా అత్త బుట్ట భుజం మార్చుకుంది.

"చదివి వినిపించానే," అంది.